మూత వేరు, మోత వేరు: చీరల సైకిల్ సంచికి మూడుసార్లు మార్చిన మూత

చండూరు దగ్గరి ఒక పల్లె నుంచి ఆ నేత పెద్దాయన మా షాపుకు మొదటిసారి వచ్చింది మార్చి నెలలో. చేతిలో ఒక యూరియా సంచి. దాన్నే కోసి, అంచులు మడిచి, సైకిల్ క్యారియర్‌కు సరిపోయేలా ఇంట్లో కుట్టుకున్నారు. నోటికి అడ్డంగా రెండంగుళాల వెల్క్రో. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. సంచి నా బల్ల మీద పెట్టి, "సంచి మంచిగనే ఉంది బిడ్డా. మూతనే నిలుస్తలేదు" అన్నారు.

నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పదిహేడేళ్ళుగా బ్యాగుల రిపేరు, రెగ్జిన్ పని చేస్తున్నాను. జూన్‌లో బళ్ళు తెరిచే వారం వచ్చిందంటే రోజుకు ముప్పై, నలభై స్కూలు బ్యాగులు వస్తాయి. వాటిలో గుడ్డ చిరిగినవి కొన్నే. ఎక్కువ జిప్పు పోయినవి, బకిల్ విరిగినవి, వెల్క్రో పట్టనివి. సంచి ఎప్పుడూ ముందు మూత దగ్గరే ఓడిపోతుంది. సైకిల్ సంచులు కుట్టడం మొదలుపెట్టాక ఇది ఇంకా గట్టిగా తెలిసింది, ఎందుకంటే స్కూలు బ్యాగు భుజం మీద ఊగుతుంది, సైకిల్ సంచి మాత్రం ప్రతి గుంతలో ఎగిరి పడుతుంది.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండుసార్లు తప్పు మూత పెట్టాను. రెండూ షాపులో బాగా పనిచేసినవే. రోడ్డు మీద ఎందుకు పనిచేయలేదో అర్థమయ్యాకే మూడోది కుదిరింది. ఇంట్లో సంచులు కుట్టుకునేవాళ్ళకు ఆ రెండు తప్పులే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

పెద్దాయన మోసే సరుకు

ఆయన పాత 22 అంగుళాల సైకిల్ మీద పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గరికి వెళ్ళి పట్టు చిలపలు, అంటే దారం కట్టలు, తెచ్చుకుంటారు, నేసిన ఇక్కత్ చీరలు ఇచ్చి వస్తారు. రానుపోను ఇరవై కిలోమీటర్ల పైన. కొంత తారు రోడ్డు, కొంత చల్క నేల మీద బండ్ల బాట. సరుకు ఒక రోజు రెండు చీరలు, ఒక రోజు ఏడెనిమిది. బరువు రెండు కిలోల నుంచి ఆరు కిలోల దాకా మారుతుంది.

ఫిబ్రవరిలో ఒక కల్వర్టు దగ్గర వెనక చక్రం గుంతలో పడి, వెల్క్రో ఊడి, రెండు చీరలు దుబ్బ మట్టిలో పడ్డాయి. ఒకదానికి అంచు దగ్గర మరక అయింది. మజూరీలో కోత పడింది. ఎంత అన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక్కత్ చీర అంటే ఏమిటో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆసు పోయడానికే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడానికే, ఒక చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశం ఊరు ఒకప్పటి మన నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరే. 2017లో పద్మశ్రీ వచ్చింది ఆ పనికే. అంత కష్టంతో తయారైన బట్ట రెండంగుళాల పట్టీ ఊడినందుకు దుబ్బలో పడిందంటే నాకు నిజంగా బాధ వేసింది. ఆ సంచి నేనే కుట్టి ఇస్తానన్నాను.

వెల్క్రో ఎందుకు ఊడింది

మొదట ఆయన కుట్టిన మూతనే పరీక్షించాను. స్ప్రింగు కాటా కొక్కేన్ని వెల్క్రో కొసకు తగిలించి పైకి ఎత్తితే కిలో కూడా చూపించకముందే చర్రుమని విడిపోయింది. అదే పట్టీని బల్లకు ఆనించి పక్కకు లాగితే కాటాలో పదిహేను కిలోలు చూపించినా కదల్లేదు. వెల్క్రో గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే.

దీన్ని కనిపెట్టిన జార్జ్ డి మెస్ట్రల్ స్విట్జర్లాండ్ ఇంజినీరు. 1941లో వేటకు వెళ్ళివచ్చాక తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న ముళ్ళకాయలను సూక్ష్మదర్శినిలో చూసి, వాటి కొక్కేల నుంచి ఈ ఆలోచన తెచ్చుకున్నాడు. 1955లో పేటెంటు వచ్చింది. మన చేలగట్ల మీద ఉత్తరేణి చేసేది అలాంటి పనే. లుంగీకి అంటిన ఉత్తరేణి గింజను పక్కకు తోస్తే రాదు, ఒక కొస నుంచి ఎత్తితే వచ్చేస్తుంది. పెద్దాయన సంచిలో సరుకు కింది నుంచి పైకి ఎగిరి మూతను తన్నేది. అంటే వెల్క్రోకు బలం లేని దిక్కులోనే దెబ్బ పడుతోంది.

రెండో సమస్య దుబ్బ. మెత్తటి ఎర్ర మట్టి మెత్త వైపు ఉచ్చుల్లో దిగి గట్టిపడింది. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే సగం పట్టు తిరిగి వచ్చింది, రెండు రోజులకు మళ్ళీ మొదటికే.

మూడోది చూసి మాత్రం నాకు భయం వేసింది. చీర తీసేటప్పుడు మడత అంచు వెల్క్రో గరుకు వైపు తగిలి పట్టు పోగులు లేచాయి. మాస్టర్ వీవర్ కంటపడలేదు గానీ పెద్దాయన తన వేలితో రాసి చూపించారు. సిల్కు, ఉన్ని, అల్లిన బట్ట మోసే ఏ సంచి నోటి దగ్గరా వెల్క్రో గరుకు వైపు ఉండకూడదు. ఇది నేను ఇప్పుడు ఎవరికైనా మొదట చెప్పే మాట.

వెల్క్రోను నేను పూర్తిగా వదిలేయలేదు. పట్టీ కొస వేలాడి చక్రంలో పడకుండా ఆపడానికి, సంచి బయటి వైపు టార్చి జేబుకు ఇప్పటికీ అదే వాడతాను. అక్కడ లాగుడు పక్కకే ఉంటుంది, బరువు ఉండదు.

మొదటి ప్రయత్నం: జిప్పు

జిప్పు మార్చడం నా రోజువారీ పని కాబట్టి చెయ్యి ముందు అటే వెళ్ళింది. మందపాటి నైలాన్ గుడ్డతో 16 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తుతో పెట్టె ఆకారంలో సంచి కుట్టి, పైన మూడు వైపులా తిరిగేలా ఐదో నంబరు నైలాన్ జిప్పు వేశాను. చూడడానికి చాలా అందంగా వచ్చింది. పెద్దాయన కూడా సంతోషపడ్డారు.

ఐదు వారాలకు తిరిగి వచ్చింది. మూలల దగ్గర జిప్పు రన్నర్ వెనక నోరు తెరుచుకుంటోంది.

విప్పి చూస్తే మూడు కారణాలు కనిపించాయి. జిప్పు నంబరు అంటే మూసినప్పుడు పళ్ళ వెడల్పు సుమారుగా ఎన్ని మిల్లీమీటర్లో అది. ఐదో నంబరు ప్యాంటు జేబుకు, చేతి సంచికి సరిపోతుంది గానీ ఎగిరిపడే ఆరు కిలోలకు కాదు. ఇలాంటి చోట ఎనిమిది గానీ పది గానీ ఉండాలి. రెండు, మూలను నేను అంగుళం గుండ్రంతోనే తిప్పాను. అంత ఇరుకు మలుపులో రన్నర్ ఒక వైపు ఒరుసుకుని దాని నోరు వెడల్పవుతుంది. ఒకసారి నోరు వెడల్పయితే పళ్ళను దగ్గరికి నొక్కలేదు. పటకారుతో రన్నర్ వెనక భాగం కొంచెం నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది, అది మందు కాదు. మూలకు కనీసం రెండున్నర అంగుళాల గుండ్రం ఇవ్వాలి.

మూడో కారణం మళ్ళీ దుబ్బే. పెద్దాయన జిప్పు గట్టిగా ఉందని మిషన్ ఆయిల్ వేశారు. నూనె మట్టిని పట్టుకుని సానరాయిలా పళ్ళను అరగదీసింది. జిప్పుకు నూనె ఎప్పుడూ వేయొద్దు. బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి రుద్దితే చాలు.

పదో నంబరు వేసి, మూలలు సరిచేసి, పైన వానకు అడ్డుగా రెక్క కుట్టి ఇద్దామనే అనుకున్నాను. ఆ మాట చెబితే పెద్దాయన కాసేపు సంచినే చూస్తూ అన్నారు: "పడుగు బిగువంత వెనక తాడు మీద ఉంటది బిడ్డా. పేక మీద పెడితే బట్ట నిలుస్తదా?"

పదిహేడేళ్ళలో నాకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. గుంత మగ్గం మీద పడుగును, అంటే నిలువు దారాలను, బిగించి ఉంచేది తాడు. పేక దారం అడ్డంగా అల్లుకుంటూ పోతుంది అంతే, బిగువు మోయదు. నేను మాత్రం జిప్పుతోనే మూయిస్తున్నాను, జిప్పుతోనే సరుకును ఆపిస్తున్నాను. పదో నంబరు వేసినా చేసేది అదే తప్పు, కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది.

మూత వేరు, మోత వేరు. మోత అంటే బరువు మోయడం. ఆ రోజు నుంచి ప్రతి సైకిల్ సంచికీ కాగితం మీద ముందు ఈ రెండూ విడివిడిగా గీస్తున్నాను.

రెండో ప్రయత్నం: చుట్టుమూత

మోత సంగతి ముందు తేల్చుకున్నాను. సంచి అడుగున ఒక పలక, దానికి రెండు నవారు పట్టీలు. చీరల కట్టను రెండు అట్టల మధ్య పెట్టి, ఈ పట్టీలతో లోపలే బిగించేయాలి. గుంతలో పడినా సరుకు ఎగిరి మూతను తన్నదు. సంచిని క్యారియర్ కడ్డీలకు పట్టుకునేందుకు కింద వేరే రెండు పట్టీలు. ఇక మూత మీద మిగిలింది రెండే పనులు: దుబ్బ రాకూడదు, వాన రాకూడదు.

దానికి చుట్టుమూతను మించింది లేదు. సంచి నోరు పొడుగ్గా వదిలి, రెండు అంచులూ కలిపి మూడుసార్లు కిందికి చుట్టి, కొసలు పట్టేయడం. పళ్ళు లేవు, ఉచ్చులు లేవు, దుబ్బకు పాడయ్యే భాగమే లేదు. జర్మనీలో హార్ట్‌ముట్ ఆర్ట్‌లీబ్ లారీ టార్పాలిన్‌తో తడవని సైకిల్ సంచులు కుట్టి 1982లో కంపెనీ పెట్టాడు. ఆ పేరుతో వచ్చే సంచులకు ఇప్పటికీ చుట్టుమూత ఉంటుంది. మనకు టార్పాలిన్ కరువు లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల లారీల మీద వాడి తీసేసిన టార్పాలిన్లలో బాగున్న ముక్కలు ఏరుకుంటే ఒక్క పరదాలో పది సంచులు వస్తాయి.

చుట్టుకు గుడ్డ ఎంత వదలాలో చాలామంది తక్కువ లెక్క వేస్తారు. నేను ఏడంగుళాలు వదిలాను. అంచులో అంగుళం వెడల్పు ప్లాస్టిక్ పట్టీ పెట్టి కుట్టాను, చుట్టు వంకర పోకుండా. సరుకు తక్కువ ఉన్న రోజు ఐదు చుట్లు, ఎక్కువ ఉన్న రోజు మూడు. మూడుకు తగ్గితే నీళ్ళు దారి వెతుక్కుంటాయి. సరుకు పరిమాణం రోజూ మారేవాళ్ళకు ఇది జిప్పు ఇవ్వలేని సౌకర్యం.

టార్పాలిన్ కుట్టేటప్పుడు గుండుసూదులు వాడకూడదు, సూది గుచ్చిన ప్రతి చోటా కన్నం మిగులుతుంది. బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోవాలి. పాదం కింద అతుక్కుని కదలకపోతే పల్చని కాగితం వేసి కుట్టి తర్వాత చింపేయొచ్చు. దారం పాలిస్టర్‌దే కావాలి, నూలు దారం తడిసి ఆరీ తడిసీ ఏడాదిలో కుళ్ళిపోతుంది. ఎండకు టార్పాలిన్ వేడెక్కి పట్టుకు అంటుకోకుండా లోపల తెల్ల కాటన్ గుడ్డ లైనింగ్ వేశాను.

చుట్టిన కొసలను పైన ఒకదానికొకటి తగిలిస్తే చేతిపిడిలా ఉంటుంది, కానీ సైకిల్ మీద ఆ విల్లులో నీళ్ళు నిలుస్తాయి. అందుకని కొసలను కిందికి వంచి రెండు పక్కలా బకిల్స్‌తో పట్టేశాను. ఇక్కడే నా రెండో తప్పు. పాత బ్యాగుల నుంచి తీసి దాచిన క్లిప్పు బకిల్స్ డబ్బాలో ఉన్నాయి, వాటినే కుట్టేశాను.

మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగిన ప్లాస్టిక్ పైకి బాగానే కనిపిస్తూ లోపల పెళుసు బారి ఉంటుంది. జూన్ రెండో వారంలో సైకిల్ స్టాండు జారి పక్కకు పడితే ఎడమ బకిల్ నాలుక మొదట్లోనే పుటుక్కున విరిగింది. చీరలకు ఏమీ కాలేదు. లోపలి పట్టీలు వాటిని పట్టుకునే ఉన్నాయి. ఆ మాట ఫోన్లో విన్నప్పుడు టెన్షన్ సగం తగ్గింది. మూత విరిగినా మోత నిలిచింది.

మూడోది

కొత్త బకిల్స్ కొన్నాను. కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేస్తాను: నాలుకను వేలితో లోపలికి బాగా వంచి వదిలితే మొదట్లో తెల్ల గీత పడకూడదు. పడితే అది నాసి సరుకు. అంగుళం పట్టీకి అంగుళం బకిలే తీసుకోవాలి, ముప్పావు అంగుళం పట్టీ పెడితే నడుస్తూ నడుస్తూ జారుతుంది.

జారడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బకిల్‌లో పట్టీ బిగించి వదిలేస్తే, గంటసేపు అదురుతూ పోయాక అరంగుళం, అంగుళం వదులవుతుంది. నున్నటి ప్లాస్టిక్ నవారు ఎక్కువ జారుతుంది. నైలాన్ నవారు తడిస్తే సాగుతుంది. పాలిస్టర్ నవారు ఈ రెండింటికంటే నమ్మకం. అయినా నేను పట్టీ పొడవు సరిచేసే అవకాశమే తీసేశాను. రెండు వైపులా పట్టీని తగిన పొడవుకు కోసి, చతురస్రం గీసి లోపల అడ్డంగా ఇంటూ గుర్తు వచ్చేలా కుట్టేశాను. మరి మూడు చుట్లకూ ఐదు చుట్లకూ తేడా ఎలా? పట్టీ మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టాను, అంగుళం వెడల్పు, నాలుగంగుళాల పొడవు, రెండు పొరలు.

సైకిల్ క్యారియర్ మీద గడ్డిమోపు నుంచి పాలక్యాన్ దాకా ట్యూబు రబ్బరుతో కట్టని ఊరు లేదు. అది ఎందుకు పనిచేస్తుందో నాకు ఈ కేసులోనే పూర్తిగా అర్థమైంది. నవారు ఒకసారి వదులైతే వదులే. రబ్బరు వదులును తానే మింగి మళ్ళీ బిగిస్తుంది. దానివల్ల బకిల్ మీద దెబ్బ కూడా తగ్గుతుంది. సైకిల్ పడినప్పుడు నాలుక విరగడానికి బదులు రబ్బరు సాగుతుంది. రబ్బరు ఎండకు పగులుతుంది, ఏడాదికోసారి మార్చాలి. అందుకే దాన్ని నవారుకు కుట్టలేదు, రెండు ఇనుప రింగుల్లో మడిచి వేశాను. ఎవరైనా ఇంట్లోనే రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. బకిల్ విరిగినా అదే రబ్బరును పలక అంచున ఉన్న కొక్కేనికి తగిలించి ఇల్లు చేరొచ్చు.

ఇచ్చే ముందు మూడు పరీక్షలు చేశాను. ఆరు కిలోల ఇసుక పొట్లాలు అట్టల మధ్య బిగించి పానగల్ వైపు ఉదయసముద్రం కట్ట దాకా సైకిల్ తొక్కి వచ్చాను, స్పీడ్ బ్రేకర్ల మీద కావాలనే వేగం తగ్గించలేదు. తర్వాత బకిల్స్ మీద ఎర్ర దుబ్బ చల్లి రెండు వందలసార్లు తీసి పెట్టాను. చివరికి లోపల పాత న్యూస్‌పేపర్ పరిచి, పావుగంట పైపుతో నీళ్ళు కొట్టాను. పేపర్ ఒక మూల తడిసింది. అది మూత దగ్గర కాదు, అడుగు పలకకు మేకు కొట్టిన చోట. మేకులు తీసేసి పలకను లోపలి జేబులోకి తోశాను.

జూన్ చివర్లో ఇచ్చిన ఆ సంచి వానాకాలమంతా తిరిగి దసరా ముందు నా దగ్గరికి వచ్చింది, రిపేరుకు కాదు. పెద్దాయన ఒక మార్పు అడిగారు. సైకిల్ దిగి నిలబడేది ఎప్పుడూ ఎడమ వైపే, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఉంటుంది. మూత తీసేది కుడి చెయ్యి ఒక్కటే. నేను రెండు పక్కలా పెట్టిన బకిల్స్‌లో కుడి పక్కది తీయాలంటే సైకిల్ చుట్టూ తిరిగి రావాలి, వానలో అది కష్టం. "రెండు గడియలు ఎందుకు బిడ్డా, తలుపుకు ఒక పక్క మడతబందు చాలదా?" అన్నారు.

కుడి పక్క బకిల్ తీసి పట్టీని అక్కడే కుట్టేశాను. ఎడమ బకిల్ నొక్కే చోట ఎర్ర నవారు ముక్క పెట్టాను, తడి వేళ్ళకు తగలడానికి. ఆయన షాపు ముందే హ్యాండిల్ పట్టుకుని ఒంటి చేత్తో పదిసార్లు తీసి పెట్టి చూశారు. తమ్ముడి కొడుక్కి ఇంకో సంచి చెప్పి వెళ్ళారు. ఆ అబ్బాయి ఎడమచేతి వాటం. కాబట్టి కొత్త సంచికి కొలతలు తీసుకునేది అతన్ని సైకిల్ పక్కన నిలబెట్టాకే.